వాగు నీరు – వరి మడి – కర్మాగారము
(ఒక వ్యవసాయాధికారి, బి.యస్సి. వ్యవసాయము)

బావి నీరు మంచిదో కాదో తెలిసికొనుటకు మన పెద్దల పరీక్ష చాల తేలికైనది. దోసిట పట్టి చూచెడివారు, వాసన చూచెడివారు, పుక్కిట పట్టి ఉమిసెడివారు. మంచి నీరు, చప్ప నీరు, ఉప్పు నీరు అని మూడు మాటలలో తేల్చి చెప్పెడివారు. ఈ పరీక్ష ఈనాటికిని కొంతవరకు పనికివచ్చును. అయితే కర్మాగారముల మురికి కలియు వాగుల విషయములో ఇది చాలదు. ఆ నీటిని పుక్కిట పట్టుట ప్రమాదకరము కూడ. అట్టి వాగుల ప్రక్కన సేద్యము చేయు రైతు సోదరులు, ఆ గ్రామముల బాధ్యత వహించు ఉద్యోగులు తెలిసికొనవలసిన కొన్ని సంగతులను ఈ వ్యాసములో వివరింతును.

ఎండిన మడి

మూడు సంవత్సరముల క్రిందట యాసంగిలో ఒక వృద్ధ రైతు నాకు ఫోను చేసినాడు. "సారూ, ఎకరంనర మడి మాడిపోయింది. మొన్నటిదాంక పచ్చగుండె. ఒక్కసారి వచ్చి చూడుండ్రి" అన్నాడు. అప్పుడు నేను శిక్షణ తరగతులలో ఉన్నాను. మూడవ నాడు వెళ్లగలిగితిని.

పైరు చిరుపొట్ట దశలో ఉన్నది. ఆకులు కొనల నుండి క్రిందికి ఎండి గడ్డివలె ఉన్నవి. అగ్గితెగులు మచ్చలు లేవు, జింకు లోపపు తుప్పు రంగు లేదు, దోమపోటు వలయములు లేవు. నీరు లోనికి వచ్చు మడవ దగ్గర పైరు పూర్తిగా చచ్చినది. మడి నడుమ సగము ఎండినది. చివరి గట్టు వద్ద ఇంకను పచ్చగానే ఉన్నది. నష్టము నీటితోపాటు నడచి వచ్చినదనుటకు ఇంతకంటె గుర్తు అక్కరలేదు. బోరులో నీరు తగ్గినందున రెండు రాత్రులు వాగు నీటిని మోటారుతో పెట్టితినని, ఆ నీటికి మందుల దుకాణపు వాసన ఉండెనని రైతు చెప్పినాడు.

నేను వచ్చుటకు ముందటి రాత్రి అకాల వర్షము కురిసినది. వాగు తేటగా పారుచున్నది. ఐదవ నాడు కాలుష్య నియంత్రణ మండలి సిబ్బంది వచ్చి నమూనా తీసిరి. నీరు పరిమితులకు లోబడి యున్నదని ఫలితము వచ్చినది. వారు కొలిచిన నీటి మట్టుకు ఆ ఫలితము తప్పు కాదు.

"వాన కడిగిన నీళ్లను కొలిచి మంచిగనే ఉన్నయని రాసిండ్రు. మరి నా మడి ఎందుకు ఎండింది సారూ?" అని ఆ పెద్దాయన అడిగినాడు. నా వద్ద జవాబు లేదు. ఫోను వచ్చిన నాడే "పెద్దయ్యా, ముందు రెండు సీసాలలో ఆ నీళ్లు పట్టి పెట్టు" అని ఒక్క మాట చెప్పియుంటే సరిపోయెడిది. ఆ మాట నేను చెప్పలేదు. ఈ వ్యాసము వ్రాయుటకు కారణము అదియే.

పటాన్‌చెరు నేర్పిన పాఠము

పరిశ్రమలు వద్దని ఈ వ్యాసము చెప్పదు. రైతు బిడ్డలకు ఉద్యోగములు కావలెను, రోగికి మందులు కావలెను. మనవలె ఆలస్యముగా పరిశ్రమలను చేపట్టిన దేశములన్నిటికి ఒకే ప్రశ్న ఎదురైనది: మొదట కర్మాగారము కట్టి మురికి సంగతి తరువాత చూచుకొందుమా, లేక రెండును కలిపి ఆలోచింతుమా? మొదటి దారి పట్టినచో ఏమగునో చూచుటకు మనము దూరము పోనక్కరలేదు.

1970వ దశకము నుండి హైదరాబాదుకు వాయవ్యమున, నాటి మెదక్ జిల్లాలోని పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతములలో పారిశ్రామిక వాడలు వెలసినవి. ఇవి 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉన్నవి. ఔషధముల మూల పదార్థములు, రసాయనములు, రంగులు తయారుచేయు కర్మాగారములు అక్కడ వందల సంఖ్యలో పెరిగినవి. జల కాలుష్య నివారణ చట్టము 1974లోనే వచ్చినది. అయినను శుద్ధి ఏర్పాట్లు మాత్రము పరిశ్రమలంత వేగముగా పెరుగలేదు. మురికి నీరు కుంటలలోనికి, అచ్చటి నుండి మంజీరా నదిలో కలియు నక్కవాగులోనికి చేరినది. వాగు వెంబడి వరి పండించు గ్రామములలో బావుల నీరు రంగు మారినది. పశువులు ఆ నీరు త్రాగుటకు వెనుదీసినవి. పంట పొలములు కొన్ని బీడు పడినవి.

గ్రామస్థులు, ఆ ప్రాంతపు వైద్యులు, పర్యావరణ సంఘములవారు కలిసి ఆందోళన సాగించిరి. 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యము దాఖలైనది. జిల్లా న్యాయమూర్తి విచారణ జరిపి ఇచ్చిన నివేదికపై పంట నష్టమునకు పరిహారము ఇప్పించిరి. వ్యాజ్యము పిమ్మట హైకోర్టుకు, అటు తరువాత జాతీయ హరిత ట్రిబ్యునలుకు మారి పాతికేండ్లకు మించి సాగినది. అప్పటి పసిపిల్లలు ఈనాడు రైతులైనారు.

చిన్న కర్మాగారము ఒక్కటే శుద్ధి కేంద్రము కట్టుకొనజాలదను ఉద్దేశముతో 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రము పని మొదలుపెట్టినది. ఆలోచన మంచిదే. కాని అట్టి కేంద్రములో మురికిని తినునవి సూక్ష్మజీవులు. మన పెంటకుప్పను ఎరువుగా మార్చు జీవుల వంటివే అవి. వాటికి గాలి ఇచ్చి పెంచినచో నీటిలోని సేంద్రియ మలినమును తిని తగ్గించును. ఉప్పు మితిమీరిన నీరు వచ్చినపుడు అవియే చచ్చును. పలు కర్మాగారముల ఉప్పు నీరు, విష ద్రావకములు, సాధారణ మురికి అన్నియు ఒకే తొట్టిలో పోసినచో ఏ ఒక్క దానికిని సరియైన చికిత్స జరుగదు.

2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు ఆ ఉమ్మడి కేంద్రము నుండి శుద్ధియై బయటికి వచ్చు నీటిని పరీక్షించిన ఫలితములు ప్రకటించిరి. సుమారు 90 ఔషధ కర్మాగారముల నీరు ఆ కేంద్రమునకు వచ్చెడిది. శుద్ధి జరిగిన పిదప కూడ ఆ నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నది. ఆ మందు మింగిన రోగి రక్తములో ఉండు మోతాదు కంటె ఇది ఎక్కువ. ఇట్టి నీటిలో మందునకు లొంగని సూక్ష్మక్రిములు బలియును. పశువుకో మనిషికో ఆ క్రిములు సోకినపుడు అదే మందు పనిచేయదు. నీటి శుద్ధి విషయమున "జరిగినది" అను మాట చాలదు, ఏమి మిగిలినదో చూడవలెనని అప్పుడు లోకమునకు తెలిసినది.

2009లో ఆ కేంద్రపు నీటిని సుమారు 18 కిలోమీటర్ల గొట్టము ద్వారా హైదరాబాదు మురుగు కాలువలలో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రమునకు పంపు ఏర్పాటు జరిగినది. నక్కవాగుకు కొంత ఊరట కలిగినది. కాని అంబర్‌పేట దాటిన నీరు చేరునది మూసీలోనికే. మూసీ క్రింద సేద్యము చేయువారును రైతులే. మురికిని ఒక ఊరి నుండి మరియొక ఊరికి తరలించుట మురికిని తగ్గించుట కాదు. ఆ 2009లోనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశములోని 88 పారిశ్రామిక ప్రాంతములకు కాలుష్య సూచికలు ప్రకటించినది. 70 మార్కులు దాటి తీవ్ర కాలుష్య ప్రాంతములుగా లెక్కకు వచ్చిన 43లో పటాన్‌చెరు–బొల్లారం ఒకటి, విశాఖపట్టణము మరియొకటి.

మురికి పుట్టినచోటనే తగ్గించవలెను

మన ఇంటి వంటనే ఉదాహరణగా తీసికొందము. వండునపుడు పొంగి పొయ్యిలో పడిన గంజి నష్టమే, దానిని తుడుచుట అదనపు పని. కర్మాగారములోను అంతియే. మురికిలో పోవునది చాలవరకు యజమాని సొమ్ము పెట్టి కొన్న పదార్థమే. అందువలన పనికి క్రమము ఇది:

మొదటిది, ద్రావకములను బట్టీపట్టి తిరిగి వాడుకొనుట, కారుడు ఆపుట, తొట్లు కడుగు నీటిని తగ్గించుట. దీనివలన ఖర్చు కూడ కలిసివచ్చును.

రెండవది, ఉప్పు హెచ్చుగా ఉన్న నీటిని, తక్కువగా ఉన్న నీటిని మొదటి నుండి వేరు కాలువలలో పట్టుట. హెచ్చు ఉప్పు నీటిని ఆవిరిచేసి ఉప్పును గట్టిగా వేరుచేయవలెను. తక్కువ ఉప్పు నీటిని సూక్ష్మజీవులతో శుద్ధిచేసి, పొరలగుండా వడకట్టి, కర్మాగారములోనే తిరిగి వాడవలెను. ఒక బొట్టు కూడ బయటికి విడువని ఈ పద్ధతిని పలు ఔషధ కర్మాగారములు అవలంబించినవి. ఖర్చు, విద్యుత్తు ఎక్కువే. మిగిలిన ఉప్పును జాగ్రత్తగల స్థలమునకు చేర్చకున్నచో శ్రమ అంతయు వ్యర్థము.

మూడవది, నిఘా. కాలుష్యము హెచ్చుగా గల 17 తరగతుల పరిశ్రమలు మురికి నీటి నాణ్యతను ఎల్లవేళల కొలిచి మండలికి పంపు యంత్రములు పెట్టుకొనవలెనని 2014లో కేంద్ర మండలి ఆదేశించినది. కాని యంత్రము కొలుచునది గొట్టము గుండా పోవు నీటిని మాత్రమే. రాత్రివేళ ట్యాంకరులో వచ్చి వాగులో పడు నీటిని, వాన చాటున గోడ క్రింది నుండి జారు నీటిని అది ఎరుగదు. దానిని చూడగల కన్ను రైతుదే.

ఇతరుల అనుభవము

ఇండోనేషియాలో 1995లో ప్రభుత్వము ఒక చిన్న ఉపాయము పన్నినది. కర్మాగారముల నడవడిని బట్టి బంగారు, ఆకుపచ్చ, నీలము, ఎరుపు, నలుపు అని రంగులు వేసి ఆ రంగును లోకమునకు చాటుట ఆ ఉపాయము. చట్టము మేరకు నడచినవి నీలము, అంతకు మించి చేసినవి ఆకుపచ్చ, ప్రమాణములు అందుకొననివి ఎరుపు, ప్రయత్నమే చేయనివి నలుపు. మొదటి విడత 187 కర్మాగారములలో బంగారు రంగు ఒక్కదానికిని రాలేదు. 5 ఆకుపచ్చ, 61 నీలము, 115 ఎరుపు, 6 నలుపు. మంచివాని పేర్లు ముందు చెప్పి, చెడ్డవానికి సరిదిద్దుకొనుటకు కొన్ని నెలల గడువు ఇచ్చిరి. పేరు బయటపడునను భయముతో కొన్ని కర్మాగారములు గడువులోపలనే దారికి వచ్చినవి. తనిఖీ ఉద్యోగులు తక్కువగా గల దేశమునకు ఇది తగిన ఉపాయము. ఊరివారికి సంగతి తెలియుటయే ఇందులోని బలము.

మన దేశములోను ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపు వంటి వర్గములు కలవు. అవి పరిశ్రమ రకమును బట్టి ఏర్పరచినవి, నడవడిని బట్టి కాదు. ఎరుపు వర్గము అనగా తప్పు చేసినదని అర్థము కాదు, జాగ్రత్త ఎక్కువ కావలసినదని అర్థము. ఈ భేదము గ్రామాధికారులు గుర్తుంచుకొనవలెను.

ఆలస్యము ఎంత ఖర్చో రాజస్థానులోని ఉదయపూర్ జిల్లా బిఛ్రీ గ్రామము చెప్పును. అక్కడ రంగుల తయారీకి వాడు హెచ్-ఆమ్లమును సుమారు ఒక సంవత్సరము మాత్రమే తయారుచేసిరి. తయారైనది 375 టన్నులు, మిగిలిన విషపు మడ్డి సుమారు 2,440 టన్నులు. ఆ మడ్డి వానలకు నేలలో ఇంకి బావులను చెడగొట్టినది. మురికి చేసినవాడే బాగుచేయు ఖర్చు భరింపవలెనని సుప్రీంకోర్టు 1996లో తీర్పు ఇచ్చినది. 37 కోట్లకు మించిన ఆ మొత్తమును చక్రవడ్డీతో చెల్లించవలెనని 2011లో మరల ఆదేశింపవలసి వచ్చినది. ఒక్క ఏడు నడచిన పని, రెండు దశాబ్దముల వ్యాజ్యము.

రైతు ఏమి చేయవలెను?

1. అనుమానము గల నీటిని మడికి పెట్టరాదు. నురుగు, రంగు, ఘాటు వాసన, తేలుచున్న చేపలు కనబడిన నాడు మడవ కట్టివేయవలెను. ఒక తడి తప్పినచో దిగుబడి కొంత తగ్గును. విషపు తడి ఇచ్చినచో పంటయే పోవును.

2. వెంటనే నమూనా పట్టవలెను. రెండు లీటర్ల శుభ్రమైన ప్లాస్టికు డబ్బాను అదే నీటితో మూడు మారులు తొలిచి, గాలి మిగులకుండ నిండుగా పట్టి మూత బిగించవలెను. చేతులకు తొడుగులు ఉండవలెను. ఒక నమూనా మురికి కలియుటకు ఎగువన, ఒకటి కలియు చోట, ఒకటి దిగువన తీయవలెను. ఎగువ నీరు మంచిదై దిగువ నీరు చెడ్డదైనపుడే మురికి ఎచ్చట కలిసినదో తెలియును.

3. డబ్బాపై తేదీ, గంట, స్థలము, పట్టినవారి పేరు వ్రాయవలెను. మంచుగడ్డలలో ఉంచి ఒక దినములోపల ప్రయోగశాలకు చేర్చుట మంచిది. ఎండలో రెండు దినములు ఉంచిన నీరు నిజము చెప్పదు.

4. ఫోనుతో వాగు, మడవ, పైరు ఫోటోలు తీయవలెను.

5. రైతు స్వయముగా పట్టిన నమూనా న్యాయస్థానములో పూర్తి సాక్ష్యము కాదు. చట్టము ప్రకారము మండలి అధికారి నోటీసు ఇచ్చి, నమూనాను రెండు భాగములు చేసి, సీలు వేసి పంపవలెను. అయినను రైతు నమూనా వ్యర్థము కాదు. అధికారిని వేళకు రప్పించునది అదియే. కాబట్టి ఫిర్యాదు ఆ గంటలోనే చేయవలెను.

6. జాతీయ హరిత ట్రిబ్యునలులో పరిహారము కోరువారు నష్టమునకు కారణము ఏర్పడిన నాటి నుండి 5 సంవత్సరములలోపల దరఖాస్తు పెట్టవలెను. మురికి ఆపుమని మాత్రము కోరు వివాదములకు గడువు 6 నెలలే. మన రాష్ట్రములకు చెన్నైలోని దక్షిణ ధర్మాసనము వర్తించును.

నీటి లెక్కలు

మండలి నివేదికలో కనబడు అంకెలను రైతు చదువగలిగియుండవలెను. బి.ఓ.డి. అనగా నీటిలోని మలినమును తినుటకు సూక్ష్మజీవులు వాడుకొను ప్రాణవాయువు. సాధారణ ప్రమాణము ప్రకారము వాగులో విడుచు నీటికి ఇది లీటరుకు 30 మిల్లీగ్రాములు, సాగు భూమిపై విడుచు నీటికి 100 దాటరాదు. ఆమ్ల, క్షారములను తెలుపు పి.హెచ్. 5.5 నుండి 9 వరకు ఉండవలెను.

ఉప్పును విద్యుత్ వాహకతతో కొలుతురు. ఇది 0.75 డెసీసీమెన్ల లోపల ఉన్నచో సాగుకు సాధారణముగా భయము లేదు. 2.25 దాటినచో చాల ఉప్పు నీరని అర్థము. నేల ఉప్పదనము 3 దాటిన పిమ్మట ఒక్కొక్క డెసీసీమెనుకు వరి దిగుబడి నూటికి సుమారు 12 వంతులు తగ్గును. జొన్న సుమారు 6.8 వరకు, ప్రత్తి 7.7 వరకు ఓర్చుకొనును. ఈ తేడాను బట్టి ఉప్పు పట్టిన నేలలో పైరు మార్చుకొనవచ్చును.

చెడిన నేలను బాగుచేయుట

ఎండిన భాగము నుండి, బాగున్న భాగము నుండి వేర్వేరుగా మట్టి నమూనాలు తీయవలెను. పైన 15 సెంటీమీటర్లు ఒకటి, దాని క్రింద 15 సెంటీమీటర్లు మరియొకటి తీయుట మేలు. ఉప్పు మాత్రమే హెచ్చినచో మడి చదునుచేసి, గట్లు వేసి, వాన నీటిని నిలిపి, మురుగు కాలువ ద్వారా తీసివేయవలెను. సోడియము హెచ్చి నేల బిగిసినచో పరీక్ష చెప్పిన మోతాదులో జిప్సమ్ వేసి, నీరు నిలిపి తీసి, జీలుగ చల్లి పూత దశలో కలియదున్నవలెను.

సీసము, కాడ్మియము, ఆర్సెనిక్ వంటివి చేరిన నేలకు ఈ వైద్యము చాలదు. అవి నీటితో కొట్టుకొనిపోవు. అట్టి పొలములో ఆకుకూరలు, దుంపకూరలు, పశుగ్రాసము వేయరాదు. ప్రత్తివంటి తినని పైరుకు మారుట క్షేమము. వ్యవసాయాధికారిని సంప్రదించిన పిదపనే తిరిగి తిండి పంట వేయవలెను.

గ్రామాధికారులకు మనవి

పంట నష్టము నమోదు చేయు కాగితములలో కారణము అను గడి ఒకటి ఉండును. అందులో "తెగులు" అని వ్రాయుట సులువు. మురికి నీటివలన పోయిన పంటకు తెగులు అని వ్రాసినచో రైతు దావా అక్కడనే ముగియును. పంచాయతీ కార్యదర్శి, వ్యవసాయ విస్తరణ అధికారి కలిసి పొలము చూచి, సర్వే నంబరు, విస్తీర్ణము, పైరు దశ, నష్టము మడవ నుండి ఎటు వ్యాపించినది అను వివరములతో ఆ నాడే పంచనామా వ్రాయవలెను. గ్రామములోని బావులు, బోర్ల నీటిని ఏటా వానలకు ముందొకసారి, తరువాత ఒకసారి పరీక్ష చేయించి పుస్తకములో ఎక్కించవలెను. పోయిన ఏటి లెక్క ఉన్నప్పుడే ఈ ఏటి మార్పు తెలియును.

తిరిగి ఆ మడి వద్దకు

మరుసటి యాసంగిలో ఆ పెద్దాయన ఇంటి వసారాలో కడిగి బోర్లించిన మూడు డబ్బాలు ఉన్నవి. ఒకనాటి తెల్లవారుజామున వాగులో నురుగు చూచి, మోటారు ఆపి, మూడు చోట్ల నీరు పట్టి, సోడా దుకాణము నుండి మంచు తెచ్చి పెట్టి, కార్యదర్శికి, నాకు ఫోను చేసినాడు. మధ్యాహ్నమునకే మండలి సిబ్బంది వచ్చిరి. వాగులో నురుగు ఇంకను ఉన్నది. ఈ మారు వారు సీలు వేసిన నీరు వాన నీరు కాదు. ఎగువ కర్మాగారమునకు నోటీసు వెళ్లినది. గోడ క్రింది కాలువ మూయబడినది. ఆ ఏడు మడి పండినది.

ముందటి ఏట పోయిన ఎకరంనర పంటకు పరిహారము మాత్రము ఇంతవరకు రాలేదు. దానికి కావలసిన నీరు ఆ వర్షముతోనే పోయినది. "పోయిన పంట పోయింది సారూ. డబ్బాలు మాత్రం ఖాళీగ ఉంచ" అని ఆయన ఆ పొద్దు నాతో అన్నాడు. వాగు ఒడ్డున సేద్యము చేయు ప్రతి ఇంటను మూడు శుభ్రమైన డబ్బాలు సిద్ధముగా ఉండుగాక యని కోరుచున్నాను.